వంకర మూడు

"ఇది మన ఇంజనే కాదు," అంటూ వెంకటరమణ ఆ కాగితం ముక్కని స్టూలు మీద పడేశాడు.

వేలెడు వెడల్పు కాగితం. ఇంజను మీద దాన్ని ఆనించి, పైన పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు. వరసగా పది అంకెలున్నాయి. పక్కనే కాంటెస్సా కారు ఆర్.సి. పుస్తకం తెరిచి ఉంది. అందులో రాసిన ఇంజను నంబరుకీ ఈ పది అంకెలకీ ఏ సంబంధమూ లేదు.

"కళ్ళు తెరిసి సూడు వదినా. బండి నీ పేరు మీదున్నాది. సోమారం బళ్ళ రిజిస్ట్రేషన్లు సూసే డీటీవో ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి బానెట్ ఎత్తితే జవాబు సెప్పాల్సింది నువ్వు. నాను కాదు, అమ్మ కాదు. నువ్వు!"

ఇంద్రాణి మాట్లాడలేదు. భర్త ఆదిబాబు పోయాక ఈ పదిహేడేళ్ళుగా ఆ ఇంట్లో మాట్లాడకపోవడమనే పని ఆవిడే చేస్తోంది. మరిది వెంకటరమణ అరుస్తాడు, అత్త నూకమ్మ సణుగుతుంది, మామగారు అప్పన్న గోడవైపు తిరుగుతారు, కూతురు హాసిని ఎదురు తిరుగుతుంది. ఇక మిగిలింది ఆ పనొక్కటే కదా మరి!

"చిన్నాన్నా, చిల్లాఓ మత్," అంది హాసిని. "గల్లీ అంతా వినాలా ఏటి?"

"గల్లీకి కొత్తగా వినడానికేటుందే గుంటా? ఆల్లకి ఎప్పుడో తెల్సు. మనకే ఇయ్యాల తెలిసింది."

హాసిని మొహం జేవురించింది. చిన్నాన్న దేన్ని ఎత్తిపొడిచాడో ఆ హిందీ ఊళ్ళో, భాలుబాసా పేటలో ఆ వీధి వాళ్ళెవరికైనా తెలుసు. తండ్రి పోయిన నెలకి ఇంటికి పోలీసులొచ్చారు. ఎక్కడో ఎవరిదో కారు ఇంజను పోయిందట. ఈ కాంటెస్సా బానెట్ ఎత్తి చూసి "నంబర్ మే గడ్‌బడ్ హై" అన్నారు, నంబరులో ఏదో తేడా ఉందని. పోయినవాడి మీద కేసేమిటని వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళారు గాని ఆ మాట వెళ్ళలేదు. ఏడేళ్ళ పిల్ల బడికి పోతే వెనక బెంచీ నుంచి "ఇంజన్‌చోర్ కీ బేటీ" అని, ఇంజను దొంగ కూతురని వినబడేది. పదో తరగతి దాకా అలా వినబడుతూనే ఉంది.

అందుకే, కారుకి కొత్త ఇంజను పెట్టించాలనుకున్నప్పుడు హాసిని ముందుగా ఈ అచ్చు తీయించింది. పాత ఇంజను పీకి ఇంకోటి పెట్టడం చేతనైన మెకానిక్కుకి వారం రోజుల పని. చెప్పాపెట్టకుండా మార్చేసుకునే వాళ్ళకి కొదవలేదు. హాసిని అలా వద్దంది. దరఖాస్తు పెడతానంది. పాత ఇంజను నంబరు ప్రభుత్వపు మనిషికి చూపించి, ఆర్.సి.తో సరిపోయిందని సంతకం పెట్టించుకుని, ఆ తర్వాతే పానా పట్టిస్తానంది. తన తండ్రి దొంగ కాడని చెప్పే ఆ కాగితాన్ని పటం కట్టించి వీధి గుమ్మం మీద వేలాడదీయాలని ఆమె పంతం. నిజం చెప్పాలంటే కొత్త ఇంజను కన్నా ఆమెకి ఆ కాగితమే కావాలి.

ఇప్పుడు చూడబోతే పోలీసులన్నదే నిజమనేట్టుంది.

"నిన్న, మొన్న షెడ్డు తాళం ఎవుల కాడున్నాది?" వెంకటరమణ చూపు గుమ్మం వైపు తిరిగింది. "ఈ బాబు కాడ. రెండ్రోజులు ఒక్కడే లోన కూకున్నాడు. ఏటి మార్చినాడో, ఏటి తీసినాడో!"

గుమ్మంలో నిలబడ్డవాడు సాయిచంద్. బిర్సానగర్‌లో సొంత గేరేజీ. హాసినితో కలిసి డిప్లొమా చదివాడు. నంబరు మీద పేరుకున్న మడ్డి గీకి అచ్చు తీసింది అతనే.

"అంకుల్, ఆ ఇంజను ఎత్తాలంటే చైన్ పుల్లీ కావాలి, నలుగురు మనుషులు కావాలి. జేబులో ఎట్టుకుని పోయేదా?"

"మరి అంతకుముందు పదిహేడేళ్ళూ తాళం ఎవరి దగ్గరుంది చిన్నాన్నా?" అంది హాసిని.

తాళం చెవి వెంకటరమణ బీరువాలో ఉండేది. పోయిన నెల హాసిని గొడవపడితే గాని బయటికి రాలేదు.

"నామీదకే వత్తన్నావేటే? నాను... నాను సొంత అన్నయ్య బండిని..." వెంకటరమణ అరచేత్తో గోడ మీద కొట్టాడు. "ఆ దరిద్రపు ఇంజనుని ఆ రోజే ముక్కలు కొట్టించాల్సింది. అది జామైపోయి నడిరోడ్డు మీద ఆగిపోబట్టే కదా అన్నయ్య పోనాడు! ఘాట్‌శిల రోడ్డు మీద దిగి బానెట్ ఎత్తుతుంటే లారీ కొట్టీసినాది. టీకొట్టోడు ఫోన్ చేసినాడు. నానెల్లేసరికి ఊపిరి నేదు. ఆ బండిని తాడేసి లాక్కొచ్చింది నాను. దాని మొహం సూడ్డానికి నాకు మనసొప్పక తాళం ఏసినాను. తప్పా?"

సాయిచంద్ తలెత్తి ఏదో అనబోయాడు. ఆ ఇంట్లో మాట్లాడ్డానికి అతని వంతు రాలేదు.

"ఇప్పుడే ట్రాలీ పిలుత్తాను," అన్నాడు వెంకటరమణ. "పాతది ఇయ్యాలే కటింగుకి పంపీద్దాం. ముక్కలైపోయాక నంబరేటి గింబరేటి! మీ కొత్త ఇంజను మీరెట్టుకోండి. నానొద్దనను."

హాసిని కళ్ళు చికిలించి చిన్నాన్నని చూసింది. "నిన్నటిదాకా బండి ముట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతానన్నావు. ఇయ్యాల కొత్త ఇంజను ఎట్టుకోమంటన్నావు. ఐసా క్యా హో గయా చిన్నాన్నా?"

వెంకటరమణ ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

వరండాలో అప్పన్న కుక్కరు పిడి బిగిస్తున్నాడు. రైల్వే లోకో షెడ్డులో ముప్పై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషి. ఆ పిడికి ఉన్నవి రెండే స్క్రూలు. ఆయన గంట నుంచీ బిగిస్తూనే ఉన్నాడు.

* * *

షెడ్డు అంటే పెరట్లో రేకుల పాక. అందులో కాంటెస్సా నాలుగు చెక్కదిమ్మల మీద నిలబడి ఉంది. పొడుగాటి ముక్కు, వెడల్పాటి ఒళ్ళు. ఇలాంటి వాటిని మజిల్ కార్లంటారని హాసినికి పెద్దయ్యాక తెలిసింది. చిన్నప్పుడు నాన్న చెప్పిన పేరు "కండల బండి." ఒడిలో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించి, "మన కండల బండికి గుండె సిన్నది, నువ్వు పెద్దయ్యాక పెద్ద గుండె ఎడదాం," అనేవాడు. చూడ్డానికి పహిల్వానులా ఉండే ఆ కారులో ఉన్నది మామూలు టాక్సీ ఇంజనే.

ఆ మాట పట్టుకునే ఆమె ఇంత దూరం వచ్చింది. సాయిచంద్ గేరేజీలో ఒక ఇసుజు ఇంజను ప్లాస్టిక్ కప్పుకుని ఎదురుచూస్తోంది. తర్వాత వచ్చిన కాంటెస్సాలలో ఉండేది అదే, అయిదు గేర్ల పెట్టెతో సహా. కొత్త ఇంజను కూర్చోవాలంటే కింద పట్టు బద్దెలు ఎక్కడ వెల్డు చెయ్యాలో హాసిని ఆపిల్ పళ్ళ అట్టపెట్టెలు కత్తిరించి కొలతలు తీసి పెట్టుకుంది. రేడియేటరు రెండంగుళాలు ముందుకి జరగాలి. గేర్‌బాక్సు పొడుగు కాబట్టి వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టు కోయాలి. ఆ లెక్కలన్నీ గోడ మీద సుద్దతో రాసి ఉన్నాయి. ఇవాళ పొద్దున్న దాకా అవే ఆమె లోకం.

"సాఫ్ సాఫ్ బోల్," అంది. "చూసిందేటో చెప్పు."

సాయిచంద్ టార్చి వేశాడు. ఇంజను పక్కన అరచెయ్యంత చదునైన చోటు. "ఇక్కడ ఫ్యాక్టరీ నంబరుండాలి. దాన్ని ఎవరో ఆకురాయితో గీకేశారు. చూడు, గీతలు అడ్డంగా కనిపిస్తున్నాయి. పైన కొత్తగా చేత్తో కొట్టారు. ఒక్కో అంకె ఒక్కో లోతు. ఈ మూడు చూడు, పక్కకి ఒరిగిపోయింది, కింద తోక విరిగింది. ఫ్యాక్టరీలో ఇలా కొట్టరు."

"ఇలా ఎవరు కొడతారు?"

అతను టార్చి ఆర్పేశాడు.

"చెప్పు సాయీ."

"చోరీ బళ్ళకి ఇలాగే చేస్తారు."

హాసిని మడ్‌గార్డు పట్టుకుని అలాగే నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. పదేళ్ళు తను బడిలో ఎంతమందిని కొట్టిందో, ఎంతమందితో కొట్టించుకుందో అవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాళ్ళంతా నిజమే చెప్పారా? అబద్ధం చెప్పింది తనేనా?

"ఇంకో మాటుంది హాసినీ. ఇంజను..."

"బస్. చాలు."

గుమ్మంలో నీడ పడింది. ఇంద్రాణి. ఆ పాకలోకి ఆవిడ అడుగుపెట్టి పదిహేడేళ్ళయింది. కారు వైపు చూడకుండా గోడ మీది సుద్ద రాతల వైపు చూస్తూ నిలబడింది.

"నాకు ముందే అనుమానం," అంది.

"ఏటమ్మా?"

"మీ నాన్న పోయిన ఆ వారం మేమందరం పలాసలో పెళ్ళికెల్లాం. నిన్నూ తీసుకెల్లాను. మీ నాన్న, తాత ఉండిపోయారు. తిరిగొచ్చేసరికి మీ నాన్న మనిషి మారిపోయాడు. ఒకటే సంబరం. ఊరికే నవ్వుకోడం. ఏటయ్యిందంటే చెప్పడు. 'ఆదివారం నీకో సంగతి సెప్తాను, అప్పటిదాకా అడక్కు' అన్నాడు. ఆదివారం మధ్యాన్నానికే పోయాడు." ఇంద్రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోలీసులొచ్చినప్పుడు అనుకున్నాను, ఆ సంబరం దీని గురించేనా అని. అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా అనుకుంటూనే ఉన్నాను."

"ఇన్నాళ్ళూ నాన్నని దొంగనుకున్నావా?" హాసిని గొంతు కీచుగా వచ్చింది. "నువ్వు కూడానా?"

పెరటి గోడ దగ్గర వెంకటరమణ ఫోనులో ఎవరితోనో ట్రాలీ గురించి హిందీలో మాట్లాడుతున్నాడు. ఇయ్యాలే రావాలి, సాయంత్రం దాకా ఆగడం కుదరదు అని గట్టిగా చెబుతున్నాడు. వింటున్న ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

* * *

గొడవలున్నాయని నూకమ్మ వంట మానే మనిషి కాదు. "కూడు సల్లారిపోతంది, తిని తిట్టుకోండి," అని అందర్నీ పిలిచి ముందు గదిలో చాపలు వేసింది. సాయిచంద్‌ని కూడా కూర్చోమంది. ఎవరి మీద ఎంత అనుమానమున్నా ఆవిడ కంచం తక్కువ పెట్టదు.

అప్పన్న మాత్రం వరండాలోంచి కదల్లేదు. "ఆకలి నేదు," అన్నాడు.

"పొద్దున టీ కూడా తాగనేదు. ఏటయ్యింది మీకు?"

"ఆకలి నేదంటన్నాను గదా!"

ఆ విసురుకి నూకమ్మ బిత్తరపోయింది. లోపలికొచ్చి పప్పు గిన్నె దించుతూ స్టూలు మీది కాగితం చూసింది. చిత్తుకాగితమనుకుని పొయ్యిలో వేద్దామని చెయ్యి చాపింది కూడా. అంతలో ఆగి, కాగితాన్ని దూరంగా పట్టుకుని కళ్ళు చిట్లించింది.

"ఇదేటే? మన కేరేజీ నంబరు కాయితం మీద ఎవులు రాసీనారు?"

ఎవరికీ అర్థం కాలేదు.

"ఏం నంబరు మామ్మా?" అంది హాసిని.

"కేరేజీది. ఐదు, మూడు, ఒకటి, ఎనిమిది. నాకు సదువు రాదు గాని ఈ నాలుగూ వచ్చు." నూకమ్మ చేతిలో ఉన్న పప్పు గిన్నెని పైకెత్తి అడుగు చూపించింది. పాత టిఫిన్ కేరేజీ తాలూకు గిన్నె అది. మిగతా గిన్నెలు ఎప్పుడో పోయాయి, అదొక్కటే మిగిలింది. "లోకో షెడ్డు గేటు కాడ అందరి కేరేజీలూ ఒక్కలాగే ఉండీవి. ఈయన కూడు ఇంకెవుడో తినీసీవోడు. పేరు సెక్కిద్దామంటే అప్పన్నలు అక్కడ ఆరుగురు. అందుకని కొలువులో తనకిచ్చిన టోకెను నంబరు తనే కొట్టుకొచ్చినారు. సూడు, అదే మూడు. అంకె కొట్టే పంచి అప్పుడే ఇరిగిపోయుంది. వంకర మూడు."

హాసిని గిన్నె లాక్కుంది. పప్పు చాప మీద ఒలికింది. ఎవరూ పట్టించుకోలేదు.

గిన్నె అడుగున 5318. మూడు పక్కకి ఒరిగి ఉంది. దాని తోక విరిగి ఉంది. కాగితం మీద మొదటి నాలుగు అంకెలు అవే. ఆ మూడు అదే.

"మరి తరవాతవి?" అన్నాడు సాయిచంద్, వంగి చూస్తూ. "ఒకటి ఒకటి, సున్నా తొమ్మిది, సున్నా తొమ్మిది."

ఇంద్రాణి లేచి నిలబడింది. "పదకొండు సెప్టెంబరు," అంది. "ఆయన పోయింది పదమూడున."

అందరి తలలూ వరండా వైపు తిరిగాయి. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతొకటుంది. రైల్వేలో పని వేయిస్తానంటే కాదని ఆదిబాబు ఆ కారు కొనుక్కొచ్చిన రోజున అప్పన్న వీధిలో నిలబడి ఒట్టు పెట్టుకున్నాడు. ఆ బండి మీద చెయ్యి వేస్తే నేను అప్పన్ననే కాదన్నాడు. ఆ తర్వాత మూడేళ్ళు తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. అవసరమొస్తే నూకమ్మ ఇటు మాట అటు చేరవేసేది.

"తాతా!" హాసిని వరండాలోకి వెళ్ళి ఆయన ముందు గిన్నె పెట్టింది. "ఇది నీ నంబరేనా?"

అప్పన్న గిన్నె వంక చూడలేదు. చేతిలో కుక్కరు పిడి పక్కన పెట్టాడు.

"నాదే."

"బండి మీద?"

"అదీ నాదే. నానే కొట్టినాను."

నూకమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో!"

"మీరంతా పెళ్ళికెల్లినారు," అన్నాడు అప్పన్న. ఎవరితో చెబుతున్నాడో తెలియనట్టు నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "ఆది వచ్చి నా కాళ్ళ కాడ కూకున్నాడు. మూడేళ్ళకి నోరిప్పినాడు. నాన్నా, ఇంజను పొగ తంతంది, బయటోడి సేతికియ్యడం నాకిష్టం నేదు, ఒక్కసారి నీ సెయ్యెయ్యి అన్నాడు. నాను కాదనలేకపోనాను. సెలవెట్టినాను. మూడు రోజులు ఇద్దరం కలిసి ఇప్పినాం, కడిగినాం, బిగించినాం. ఆడు పానాలందిస్తంటే నాను..."

ఆయన ఆగాడు. పక్కన పెట్టిన కుక్కరు పిడి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"నంబరు గీకేశారేం?" అన్నాడు సాయిచంద్ మెల్లగా.

"లోకో షెడ్డులోన అదే కాయిదా బాబూ. ఎవుడు ఇంజను ఇప్పి బిగిత్తే ఆడి టోకెను, ఆ తారీకు దాని మీద ఉండాల. పాత మార్కు గీకాల, కొత్తది కొట్టాల. రేపు ఏటైనా అయితే ఆడే జవాబుదారు. ముప్పై ఆరేళ్ళు అలాగే కొట్టిన సెయ్యిది. అక్కడ సదునుగా జాగా కనబడితే అలాగే కొట్టీసినాది. రోడ్డు బండికి ఆ నంబరే పేరూ ఊరూ అని నాకేటి తెల్సు?"

హాసిని ఊపిరి వదిలింది. నాన్న దొంగ కాదు. గోడకి చేరబడి ఆ మాట మనసులో రెండుసార్లు అనుకుంది. మూడోసారి అనుకోబోయి ఆగింది.

"పోలీసులొచ్చినప్పుడు నువ్విక్కడే ఉన్నావు కదా తాతా."

అప్పన్న తల ఊపాడు.

"ఈ నంబరు గడ్‌బడ్ ఏటని నిన్నే అడిగారు. నాకు గుర్తుంది, నేను మామ్మ వెనకాల నిలబడ్డాను. నువ్వేమన్నావు?"

"నా కొడుకు యాపారం నాకు తెల్దన్నాను."

"ఎందుకు?"

"నాను గీకినానంటే నాను బిగించినానని కూడా సెప్పాల గదే! నాను బిగించిన ఇంజను రెండో నాడే జామైపోయి నా కొడుకుని నడిరోడ్డు మీద దింపీసినాదని సెప్పాల. నా సేత్తో నానే ఆడిని... మీ అమ్మ మొహం సూసి ఆ మాట ఎలాగనేది? నోరు రానేదు."

"నీకు నోరు రాకపోతే మా నాన్న దొంగైపోయాడు!" హాసిని అరిచింది. ఇందాక గల్లీ వింటుందని చిన్నాన్నని ఆపిన పిల్ల ఇప్పుడు గల్లీ అంతా వినేలా అరిచింది. "పదిహేడేళ్ళు తాతా! నన్ను ఇంజన్‌చోర్ కూతురన్నారు. ఏడుస్తూ నీ దగ్గరికే వచ్చేదాన్ని. నువ్వు నాకు కన్నీళ్ళు తుడిచేవాడివి. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

ఇంద్రాణి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఏడుస్తోంది. "ఇదా, ఆదివారం చెప్తానన్నది ఇదా," అని తనలో తనే గొణుక్కుంటోంది. "నాన్న చెయ్యేశారని చెప్పాలనుకున్నాడా? ఆ సంబరం దీనికా?"

నూకమ్మ వెళ్ళి కోడలి భుజం పట్టుకుంది.

"సోమవారం ఇన్‌స్పెక్టర్ ముందు ఇదంతా చెప్తావా?" అంది హాసిని కళ్ళు తుడుచుకుంటూ. "రాసి సంతకం పెడతావా?"

"ఎడతాను. జవాబుదారుని నానే గదా. ఆ ఇంజను జామైపోడానికి కూడా నానే..."

"ఒక్కసారి నా మాట వినండి!"

అరిచింది సాయిచంద్. పొద్దుట్నించీ మింగుతున్న మాట అతనిక ఆపుకోలేకపోయాడు. "ఇంజను జామైపోయిందని అందరూ అంటున్నారు. నాకు ఇయ్యాలే తెలిసింది. హాసినీ, నువ్వు నాతో ఎప్పుడూ అన్లేదు. తాతా, ఆ ఇంజను జామ్ కాలేదు."

పెరట్లోంచి వస్తున్న వెంకటరమణ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ప్లగ్గులు ఊడదీసి నూనె పోశాను. నిన్న పానా వేసి తిప్పాను. ఒక్క చేత్తో తిరిగింది. తుప్పు పట్టి బిగుసుకుంటే నూనెకి వదులుతుంది. బేరింగు కాలి పట్టేసిన ఇంజను దానంతటది వదలదు. మీకు నేను చెప్పక్కర్లేదు."

అప్పన్న కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

"నాన్నా, ఎండలోకి ఎల్లకు," వెంకటరమణ అడ్డం వచ్చాడు. "ఆ గుంటడికేటి తెల్సు? ట్రాలీ వత్తంది, దాన్ని పంపించేద్దాం. ఉప్పుడివన్నీ ఏల?"

అప్పన్న కొడుకుని చేత్తో పక్కకి జరిపాడు. గట్టిగా కూడా కాదు. వెంకటరమణే తప్పుకున్నాడు.

పాకలో ముసలాయన బానెట్ కింద వంగి నిలబడ్డాడు. సాయిచంద్ పెద్ద పానా అందించాడు. ఇంజను ముందున్న పుల్లీ మధ్యలో నట్టుకి పానా పెట్టి, ఆయన కాసేపు తిప్పకుండా అలాగే పట్టుకున్నాడు. హాసినికి ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. అయినా వెళ్ళి ఆయన మోచెయ్యి కింద తన చెయ్యి ఆనించింది.

అప్పన్న తిప్పాడు.

నూనెలో మునిగిన ఇనుము మెత్తగా కదిలింది. పుల్లీ పావు చుట్టు, అర చుట్టు, నిండా ఒక చుట్టు తిరిగింది. ఎక్కడా పట్టలేదు, గరగరమనలేదు. ఆయన చెవి దగ్గరగా పెట్టి ఇంకో చుట్టు తిప్పాడు. మళ్ళీ ఇంకోటి.

"తిరుగుతంది," అన్నాడు. ముసలాయన మొహమంతా తడిసిపోయింది. "నాను బిగించింది బాగానే ఉన్నాదే గుంటా. సూడు, ఎలాగ తిరుగుతందో. నానెట్టిన బేరింగులే."

పదిహేడేళ్ళు కొడుకుని చంపానని అనుకుంటూ బతికిన మనిషి పానా వదలకుండా పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. హాసిని ఆయన వీపు మీద తల ఆనించింది. ఇంతసేపూ గొంతులో ఆగిన ఏడుపు ఆమెకి అప్పుడొచ్చింది.

ఆయన నెమ్మదించి కళ్ళు తుడుచుకున్నాడు. పానా తీసి మడ్‌గార్డు మీద పెట్టాడు. వెనక్కి తిరిగాడు. పాక గుమ్మంలో వెంకటరమణ నిలబడి ఉన్నాడు. అతని వెనక ఇంద్రాణి, నూకమ్మ ఉన్నారు.

"రమణా," అన్నాడు అప్పన్న. లోకో షెడ్డులో పై ఫిట్టరుగా ఉన్నప్పటి గొంతు అది. "ఇంజను జామైపోనాదని నాకు సెప్పింది నువ్వు. నాను ఇప్పి సూడబోతే ఒద్దని తాళం ఏసింది నువ్వు. జామైపోనాదని నీకెవులు సెప్పినారు?"

"ఎవులు సెప్పడమేటి నాన్నా?" వెంకటరమణ పెదవులు తడుపుకున్నాడు. "అన్నయ్యే సెప్పినాడు."

ఏమన్నాడో మాట నోరు జారాక అతనికి తెలిసింది. వీధిలో ట్రాలీ హారను రెండుసార్లు మోగింది.

ఇంద్రాణి అత్తగారి చెయ్యి విడిపించుకుని ముందుకొచ్చింది. మరిది మొహంలోకి సూటిగా చూసింది. పదిహేడేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగింది.

"నువ్వెల్లేసరికే ఊపిరి నేదన్నావు గదా రమణా. మరి ఇంజను జామైందని ఆయన నీకెప్పుడు చెప్పారు?"